పూజలో ఉన్న గొలుసు

మాధవరంలో లారీలు బారులు తీరే రోడ్డు పక్కన మా కొట్టూ, కాంతారావు కొట్టూ ఒకే గోడను పంచుకుని ఉంటాయి. గోడకు ఇవతల నేను లారీలకు రంగులు వేస్తాను, తొట్టి వెనక బొమ్మలూ సూక్తులూ రాస్తాను. అవతల కాంతారావు లారీ చక్రాల నుంచి టైర్లు విప్పుతాడు. ఆ పని తప్ప అతనికి ఇంకోటి రాదు. అతనికి టైరంటే చచ్చేంత భయం.

మొదట్లో నేను నవ్వేవాణ్ణి. "ఇంత బయముండేవాడివి ఈ పనిలోకి ఎందుకొచ్చినావన్నా?" అని ఒకసారి అడిగాను.

"పాములు పట్టేవోడు పాముకు బయపడాల అబ్బయా. బయపడనోడు ఎన్నాళ్లు పడతాడు?" అన్నాడు.

జవాబు బాగానే ఉంది. లారీ వెనక రాయడానికి కూడా పనికొస్తుంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని వేళ్ల మధ్య బీడీ వణుకుతూ ఉంది. తత్వం చెప్పేవాళ్లకు చేతులు వణకవు. అందుకని నాకు నవ్వు ఆగిపోయింది.

ఆ భయం ఎక్కడిదో తెలియాలంటే లారీ చక్రం గురించి రెండు ముక్కలు చెప్పాలి. సైకిలు టైరు లాగా దాన్ని వేలితో లాగి తీయలేం. చక్రం అంచున ఒక ఇనప రింగు కూర్చుని ఉంటుంది. టైరు బయటికి జారిపోకుండా పట్టుకునేది అదే. ముందు గాలంతా తీసేయాలి. తర్వాత టైరు అంచును సుత్తితో కొట్టి కొట్టి కిందికి దించాలి. అప్పుడు రింగు గాడిలోకి రెండు కడ్డీలు దూర్చి, ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ చుట్టూ తిరిగితే రింగు ఊడి చేతికొస్తుంది. ఇదంతా గాలి లేనప్పటి మాట. లోపల గాలి మిగిలి ఉండగా రింగు పట్టు తప్పిందంటే అది ఊడిరాదు, ఎగిరొస్తుంది. ఇనపముక్కకు మనిషి తల అనీ, రేకుల కప్పు అనీ తేడా తెలియదు. ఇప్పుడు కొత్త బళ్లకు ఈ రింగు గొడవ లేదంటారు. మా రోడ్డుకొచ్చేవి పాత బళ్లు.

కాంతారావు చింతాద్రిపేటలో పుట్టాడు. నేతపని చేసే కుటుంబం, మగ్గం మాత్రం తాతతోనే పోయింది. మీసాలు మొలిచే వయసులో ఎన్నూరు రోడ్డు మీద ఏకాంబరం అనే ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. ఏకాంబరం ఎలాంటివాడంటే, బీడీ కాలుస్తూ, డ్రైవర్లతో పరాచికాలాడుతూ, చక్రం మీద కాలు వేసి సుత్తి ఎత్తేవాడు. ఒకరోజు మధ్యాహ్నం బిందె ఇచ్చి కాంతారావును నీళ్లకు పంపాడు. కాంతారావు బిందెతో తిరిగొచ్చేసరికి కొట్టు పైకప్పు రేకులో లోపలి నుంచి పడిన పెద్ద చిల్లు ఉంది. ఆ చిల్లులోంచి ఎండ సరిగ్గా ఏకాంబరం మీదే పడుతోంది. ఏకాంబరం లేవలేదు.

నేను అంతకంటే ఎక్కువ అడగలేదు, అతను అంతకంటే చెప్పలేదు. ఆ తర్వాత ఎన్ని ఏళ్లయినా అతని పని తీరు మాత్రం ఆ మధ్యాహ్నం దగ్గరే ఆగింది.

వాల్వు పిన్ను తీసి గాలి వదలగానే దూరంగా వెళ్లి నిలబడి టీ తాగేవాడు. చల్లారబెట్టుకుని, ఊదుకుని, గుక్కగుక్కకూ చెవి అటు వేసి తాగేవాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి గాలి చప్పుడు సన్నబడి ఆగాలి. ఆగాక ఒక సైకిలు చక్రం పుల్లను వాల్వులోకి దూర్చి కెలికేవాడు, లోపల ఏదైనా అడ్డం పడి గాలి నిలిచిందేమోనని. అప్పటికీ నమ్మకం కుదరదు. చక్రాన్ని రెండు దుంగల మీద పడుకోబెట్టి, నడిమి బొక్కలోంచి లావుపాటి గొలుసు దూర్చి, టైరు చుట్టూ రెండు చుట్లు చుట్టి కొక్కెం వేసేవాడు. రింగు ఎగిరినా గొలుసు పట్టుకుంటుందని. ఇంత చేసి, ముఖం పక్కకు తిప్పుకుని, దేవుణ్ణి తలుచుకుని అప్పుడు సుత్తి ఎత్తేవాడు.

డ్రైవర్లు అరవంలో గొలుసు మాట పట్టుకుని అతనికి 'సంగిలి' అని పేరు పెట్టారు. తొందర ఉన్నవాడు ఇతని కొట్టు దాటి పోయేవాడు. ఓపిక ఉన్నవాడు ఆగి ఎగతాళి చేసేవాడు. కాంతారావు తన టీ తాగేవాడు.

ఇంట్లోనూ ఇదే కథ. కుక్కరు విజిలేసిందంటే ఇంటి పెద్ద వీధిలో ఉండేవాడు. కొట్టు వెనకాలే వాళ్ల ఇల్లు కాబట్టి ఆ ఊరేగింపు నాకు రోజూ దర్శనమే.

అతని భార్య వైదేహికి మాత్రం భయం అనే సరుకు దేవుడు పోయడం మరిచిపోయాడు. సూళ్లూరుపేట దగ్గరి పిల్ల. పెళ్లై వచ్చిన కొత్తలో మొగుడి చేతులు వణకడం చూసి, చీర మీద అతని పాత చొక్కా తొడుక్కుని తనే సుత్తి అందుకుంది. అంత బాగా దెబ్బ వేసే మనిషిని ఆ రోడ్డు మీద ఇంకొకరిని నేను చూడలేదు. టీలూ, పుల్లలూ, గొలుసులూ అన్నీ మొగుడి తృప్తి కోసం చేయనిచ్చేది. మధ్యమధ్య అతను "ఆపు మే, ఆపు" అంటూనే ఉండేవాడు. గొలుసు కొంచెం జరిగినా ఆపు, పక్కన లారీ హారన్ కొట్టినా ఆపు. ఆమె వినిపించుకోవడం ఎప్పుడో మానేసింది.

"ఈ మనిషి ఆపు అన్నప్పుడల్లా ఆపింటే, నేను పెండ్లి పీటల మీదే ఆగిపోయుండాల తమ్ముడూ," అనేది నాతో.

ఆమెకు ఒక్క భయం ఉండేది. దైవభీతి. అందులో మాత్రం రాజీ లేదు.

రెండేళ్ల కిందటి ఆయుధపూజ నాడు జరిగింది నేను చెప్పాలనుకున్నది. ఆ రోజు మా రోడ్డంతా పెళ్లివారి వీధిలాగా ఉంటుంది. లారీలకు అరటిపిలకలు కడతారు, అద్దాలకు గంధం పూస్తారు, ప్రతి కొట్టు ముందూ బూడిద గుమ్మడికాయ పగులుతుంది. పనిముట్లన్నీ కడిగి, దేవుడి పటం ముందు పెట్టి, కుంకుమ బొట్లు పెట్టి హారతిస్తారు. ఒకసారి పూజలో పెట్టాక మర్నాడు మళ్లీ హారతిచ్చి తీసేదాకా వాటిని తాకకూడదు. నా కుంచెలూ పూజలోనే ఉన్నాయి. పని లేదు కాబట్టి నేను వాళ్ల వాకిట్లో స్టూలు మీద కూర్చుని బొరుగులూ బెల్లమూ నములుతున్నాను.

పొద్దున వైదేహి సుత్తులూ కడ్డీలూ కిరసనాయిలుతో తుడిచి వరసగా పేర్చింది. కాంతారావు గొలుసును తనే కడిగి, చుట్ట చుట్టి, సరిగ్గా పటం కింద నట్టనడుమ పెట్టాడు. దాని మీద సైకిలు పుల్ల పెట్టాడు. దాని మీద బంతిపూల దండ వేశాడు. మిగతావాళ్లు ఆ రోజు లక్ష్మిని తలుచుకుంటారు. అతను గొలుసుకే కళ్లు మూసుకుని దండం పెట్టాడు.

హారతి అయిన కాసేపటికి నాగలింగం లారీ వచ్చి ఆగింది. నెల్లూరు వైపు డ్రైవరు, పాత బేరం. లారీ నిండా బూడిద గుమ్మడికాయలు. వెనక చక్రం టైరు పక్క గోడ కడుపొచ్చినట్టు ఉబ్బి ఉంది.

"వదినా, కోయంబేడు మార్కెట్టు పొయ్యేదాకా ఈ టైరు నిలవదు," అన్నాడు నాగలింగం. "స్టెప్నీ ఎప్పుడో పొయ్యింది. క్యాబిను మీద ఉత్త టైరొకటి ఉండాది. దీన్ని ఇప్పేసి దాన్ని ఎక్కిస్తే చాలు. పొద్దుగూకితే ఈ కాయల్ని ఎవురు కొంటారు చెప్పు?"

కాంతారావు తల అడ్డంగా ఆడించాడు. "సామానంతా పూజలో ఉండాది. రేపొచ్చెయ్."

"రేపు గుమ్మడికాయ పగలగొట్టేవోడు ఎవుడన్నా?"

అది నిజమే. ఆయుధపూజ దాటిన బూడిద గుమ్మడికాయను ఆవు కూడా అడగదు. నాగలింగం ముఖం చూసి వైదేహికి జాలేసింది. జాలి వేస్తే ఆమెకు చేతులు ఊరుకోవు.

"నీ లారీలో కడ్డీలుండాయా?"

"ఉండాయి వదినా. సుత్తి కూడా ఉండాది."

"అయితే మన సామాను ముట్టే పనే లేదు," అంది వైదేహి చొక్కా తొడుక్కుంటూ. "వాళ్ల సామాన్లతో వాళ్ల టైరు ఇప్పుతాం. దీనికి దేవుడేం కోపం చేసుకోడు."

"గొలుసు?" అన్నాడు కాంతారావు.

"గొలుసు పూజలో ఉండాది."

"అప్పుడు వద్దు మే."

"గాలి తీసేసినాక ఇంగ గొలుసుతో ఏం పని? సుమ్మా ఊరికే బయపడొద్దు. ఆడ నిలబడి నీ టీ తాగు పో."

నాగలింగం చక్రం దించి దొర్లించుకుంటూ వచ్చాడు. దుంగల మీద పడుకోబెట్టారు. వైదేహి పిన్ను తిప్పి తీసింది. గాలి బుస్సుమని మొదలైంది. ఎదురు కొట్టు నుంచి వచ్చిన టీ గ్లాసును నేనే కాంతారావు చేతిలో పెట్టాను. అతను గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని, ఒక కన్ను చక్రం మీద, ఒక కన్ను పటం కింది గొలుసు మీద పెట్టి నిలబడ్డాడు. రోడ్డు మీద ఆటోస్టాండు వాళ్ల మైకు పాటలతో చెవులు పగలగొడుతోంది.

గాలి చప్పుడు ఆగింది. వైదేహి సుత్తి ఎత్తి మొదటి దెబ్బ వేసింది.

నేను యథాలాపంగా కాంతారావు వైపు చూశాను. అతను గ్లాసులోకి చూస్తున్నాడు. టీ నిండుగా ఉంది. ఇంకా పొగ వస్తోంది. ఒక్క గుక్క కూడా తాగలేదు, తాగేటంత చల్లారలేదు. అతను తల ఎత్తినప్పుడు ఆ ముఖంలో కనిపించిన భయం నేను అంతకుముందు ఏ మనిషిలోనూ చూడలేదు.

"ఆపు," అన్నాడు. గొంతులోంచి గాలే వచ్చింది. మళ్లీ గట్టిగా, "వైదేహీ, ఆపు," అన్నాడు.

ఆమె తల తిప్పలేదు. "మొదలుపెట్టినాడు. గమ్మునుండయ్యా," అని రెండో దెబ్బ వేసింది. టైరు దిగవలసినంత దిగలేదు. తుప్పు అనుకుంది. చీర కొంగు బిగించి, ఒక కడ్డీని రింగు గాడిలోకి దూర్చి, రింగు కాస్త కదిలేదాకా నొక్కి, దాని మీద మూడో దెబ్బకు సిద్ధమైంది.

కాంతారావు చేతిలోంచి గ్లాసు జారి పడింది. అతను వెనక్కి తిరిగి కొట్టు లోపలికి పరుగెత్తాడు. నేను పారిపోయాడనే అనుకున్నాను. పెళ్లాన్ని అక్కడ వదిలేసి కుక్కరుకు పరుగెత్తినట్టు పరుగెత్తాడే అని అసహ్యం కూడా వేసింది. ఇంతలో లోపల పటం కిందపడి అద్దం పగిలిన చప్పుడైంది. అతను బయటికి వచ్చాడు. చేతుల్లో గొలుసు, దానికి చిక్కుకుని బంతిపూల దండ, దండతో పాటు నేల మీద ఈడ్చుకొస్తున్న గంధం గిన్నె.

గాలున్న చక్రానికి అతను పది అడుగుల దూరంలో నిలబడటం కూడా నేను ఎన్నడూ చూడలేదు. ఆ రోజు నేరుగా వచ్చి, రింగుకూ భార్యకూ మధ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఒళ్లంతా కొట్టుకుపోతోంది, పళ్లు టకటకమంటున్నాయి. ఆ చేతులతోనే గొలుసును నడిమి బొక్కలోంచి దూర్చి కిందనుంచి లాగాడు.

వైదేహి సుత్తి గాలిలోనే ఆగిపోయింది. అతను ఆపమంటే ఆగలేదు గానీ, ఆ గొలుసును చూసి ఆగింది.

"ఏమయ్యా, పూజలో ఉండేదాన్ని ముట్టినావా? పటం ఇరగ్గొట్టినావా? నీకేం పట్టింది?"

అతను ఇంకో చుట్టు లాగాడు. కొక్కెం రెండుసార్లు జారింది, మూడోసారి పడింది. పడగానే భార్య చొక్కా రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజాడు. ఇద్దరూ నా స్టూలు మీద వచ్చి పడ్డారు.

అప్పుడు పేలింది.

మైకు పాట వినబడలేదు. ఏదీ వినబడలేదు. చక్రం దుంగల మీద నుంచి లేచి అడ్డంగా పడింది. గాలిలో బంతిరేకులు. నా ముఖం మీద తడిగా ఏదో పడింది, రక్తమనుకున్నాను. చేత్తో తుడిచి చూస్తే ఆకుపచ్చని బంక. గోడంతా అదే, నాగలింగం చొక్కా అంతా అదే. నాగలింగం రోడ్డు మీద కూలబడి తన చేతులూ కాళ్లూ ఉన్నాయో లేదో తడుముకుంటున్నాడు.

రింగు ఒకవైపు పైకి లేచి, గొలుసులో ఇరుక్కుని ఆగి ఉంది. గొలుసు లంకె ఒకటి సాగి సన్నబడింది. రింగు అంచు చూస్తున్న వైపు, ఒక నిమిషం కిందట వైదేహి తల ఉంది.

నాగలింగం లేచి తన చొక్కా మీది ఆకుపచ్చ బంకను వేలితో తీసి చూశాడు. "పంక్చర్లు పడకుండా ఉంటాదని ట్యూబులో మందు పోయించినానన్నా. నాకేం తెలుసు?" అని ఏడ్చాడు. ఆ మందే వాల్వు గొంతులో గడ్డకట్టి గాలిని ఆపింది. సైకిలు పుల్లతో ఒక్కసారి కెలికి ఉంటే తెలిసేది. పుల్ల దేవుడి ముందు కుంకుమ పెట్టుకుని కూర్చుని ఉంది.

మిగిలిన పని చేయడానికి ఎవరి చేతులూ లేవలేదు. నాగలింగం ఆ గుమ్మడికాయలను ఆ రోడ్డు మీదే, లారీ పక్కన కుప్పపోసి అమ్ముకున్నాడు. మొదటిది మాత్రం వైదేహికి దిష్టి తీసి పగలగొట్టాడు. ఆమె రాయిలా నిలబడి తీయించుకుంది.

రోడ్డు రోడ్డంతా వచ్చి దేవుడు కాపాడాడంది. ఎవరూ కాంతారావును 'సంగిలి' అని పిలవలేదు ఆ రోజు. అతను పగిలిన పటం ముక్కలు ఏరుతూ లెంపలు వేసుకుంటూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుంటే, "తప్పు చేసినానా అబ్బయా?" అని అడిగాడు. నాకు తెలిసిన సూక్తుల్లో దానికి సరిపోయేది ఒక్కటీ లేదు. లేదన్నా, అన్నాను అంతే.

ఆ తర్వాత వైదేహి మారిపోయింది. సుత్తి పట్టింది గానీ, ప్రతి దెబ్బకూ ముందు ఆగి మొగుడి ముఖం చూసేది. అతను ఆపు అంటే చేయి గాలిలోనే నిలిచిపోయేది. లారీ హారన్‌కు ఉలిక్కిపడేది. ఒక ఉదయం కుక్కరు విజిలేసింది. అలవాటుగా అటు చూశాను. కాంతారావు వీధిలోకి వచ్చాడు. అతని వెనకే వైదేహి కూడా వచ్చి నిలబడింది. నాకు నవ్వు రాలేదు. కాంతారావుకు అయితే ఏడుపే వచ్చింది.

"నా బయం నాతోనే పోతాదనుకున్నా అబ్బయా," అన్నాడు తర్వాత నాతో. "దానికి అంటించేసినా."

"ప్రాణముంది కదన్నా," అన్నాను.

"ఆమా, ప్రాణముండాది," అన్నాడు.

పోయిన ఏడాది ఆయుధపూజకు వైదేహే సామానంతా కడిగింది. కొత్త పటం ముందు సుత్తులు పెట్టింది, కడ్డీలు పెట్టింది, జాకీ పెట్టింది. కాంతారావు గొలుసు తీసుకొచ్చి పటం కింద చోటు కోసం చూశాడు. సాగిన లంకె తీసేసి అతికించిన పాత గొలుసే అది.

"దాన్ని ఆడ పెట్టొద్దు," అంది వైదేహి.

"పూజకు?"

"మేకుకు తగిలించు. పుల్ల కూడా ఆడనే పెట్టు. చేతికి అందాల."

దేవుడి విషయంలో రాజీ ఎరగని మనిషి ఆ మాట అంది. అతను మేకుకు తగిలించాడు. ఆమె కుంకుమ గిన్నెతో మేకు దగ్గరికే నడిచి వెళ్లి, గొలుసుకు అక్కడే బొట్టు పెట్టబోయింది. వేలు వణికింది. కుంకుమ సగం గొలుసు మీద, సగం గోడ మీద పడింది. కాంతారావు ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తన వేలితో మిగతా బొట్టు దిద్దాడు. అతని వేలూ వణుకుతూనే ఉంది.

మర్నాడు మళ్లీ హారతిచ్చి కొట్టు తెరిచారు. మొదటి చక్రం వచ్చింది. వైదేహి పిన్ను తీసి, గాలి బుస్సుమనగానే లేచి మొగుడి పక్కకు వచ్చి గోడకు ఆనుకుంది. ఎదురు కొట్టు నుంచి ఈసారి రెండు గ్లాసుల టీ వచ్చింది. ఇద్దరూ ఊదుకుంటూ, చెవులు చక్రం వైపు వేసి తాగారు. కాంతారావు గ్లాసు ఖాళీ అయింది, చప్పుడు ఆగింది, అతను పుల్ల కోసం మేకు వైపు చేయి చాపాడు.

"ఉండయ్యా," అంది వైదేహి. "నాది ఇంకా అయిపోలేదు."